నింపే పని

రోడ్డు వెడల్పు చేసిన ఎండాకాలం అది. వీధికి రెండువైపులా షాపుల ముందుభాగాలు కొట్టేశారు. బోర్డులన్నీ ఊడి, కొన్నాళ్ళు గోడలకు ఆనుకుని, చివరికి పాత ఇనుపసామాను కొట్టుకు చేరాయి. ఏ షాపు ఏదో కొత్తవాళ్ళకు తెలిసేది కాదు. మందులు కావాల్సినవాళ్ళు చెప్పుల షాపులోకి వెళ్ళి తల గోక్కుంటూ బయటికి వచ్చేవాళ్ళు. ఆ దుమ్ములో మా నాన్న ఒక్కడే కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతూ తిరిగేవాడు. ఆయన బోర్డులు రాసే పెయింటరు. వీధి మొత్తానికీ మళ్ళీ పేర్లు రాయాలి.

"అమ్మడూ, వీధంతా పలక తుడుచుకుని కూర్చుంది. మనదే ఆలస్యం" అన్నాడు.

మా పని ఇద్దరు కలిసి చేసేది. రేకుకు ఎర్ర ప్రైమరు వేయడం, అది ఆరాక పైన రంగు వేయడం నా వంతు. సుద్ద పూసిన దారాన్ని బిగించి లాగి వదిలితే రేకు మీద తిన్నగా గీత పడుతుంది. ఆ గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు వేసి, సన్న బ్రష్షుతో వాటి అంచులు గీయడం నాన్న వంతు. ఆ అంచుల మధ్య రంగు నింపడం మళ్ళీ నాది. మా ఊరి బళ్ళో చదువు పూర్తయి ఈ పట్నంలో నాన్న దగ్గరికి వచ్చినప్పటి నుంచీ అంతే. అక్షరం ఆయనది, దాని లోపలి భాగం నాది.

అంచులు గీయడం అవగానే నాన్న నిచ్చెన దిగి కబుర్లలో పడేవాడు. షాపు ఆయనతో టీ తాగుతూ, తాను రాసిన బోర్డుల గురించి, వాటి కింద జరిగిన తగాదాల గురించి, వాటిని చూసి దారి తప్పిన వాళ్ళ గురించి చెప్పేవాడు. నేను నింపడం పూర్తి చేసే వేళకు గ్లాసు పక్కన పెట్టి రోడ్డు దాటి అవతలివైపు నిలబడేవాడు.

"అక్షరాన్ని దగ్గర నుంచి చూడకూడదు. దగ్గర నుంచి చూస్తే ఏ మనిషైనా వంకరే" అనేవాడు.

ఒక కన్ను మూసి, తల కాస్త పక్కకు వంచి చూసేవాడు. తర్వాత అక్కణ్ణుంచే చెయ్యెత్తేవాడు. బాగుంది, దిగు, అని దానికి అర్థం. నిచ్చెన మీద ఆ చెయ్యి కోసం ఎదురుచూడటం నాకు అలవాటు. రోజంతటిలో నేను ఎదురుచూసేది అదొక్కటే.

ఆ ఎండాకాలం మొదటి బోర్డు బట్టల షాపుది. నింపడానికి ఎక్కి చూస్తే, గుండ్రటి అక్షరం కింది వంపు దగ్గర అంచు దువ్వెన పళ్ళలా ఉంది. నిచ్చెన కదిలి ఉంటుందనుకున్నాను. పక్క అక్షరమూ అలాగే ఉంది. కిందికి చూశాను. నాన్న టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. అంత ఎండలో ఎవరూ టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోరు.

అంచు లోపలికి పోయిన చోట రంగును వెంట్రుకవాసి బయటికి తీసుకువెళ్ళాను. బయటికి పొంగిన చోట, సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి, టర్పెంటైన్‌లో ముంచి, తడి ఆరకముందే తుడిచాను. మామూలు కన్నా కాస్త ఆలస్యమైంది. నాన్న రోడ్డు దాటాడు, కన్ను మూశాడు, చెయ్యెత్తాడు.

ఇంటికి వచ్చే దారిలో తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "గీసేటప్పుడు కాస్త అటూ ఇటూ అయిందనుకున్నా. చూశావుగా, ఎలా నిలబడిందో. చేతికి తెలుస్తుందే, మనకి తెలియకపోయినా" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. నాకు మాట ఎప్పుడూ అక్కడిదాకానే వస్తుంది.

నేను మాట్లాడనని వీధిలో అందరికీ తెలుసు. ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే నాన్నే జవాబిచ్చేవాడు. చెప్పుల షాపు ఆయన ఒకసారి, మీ అమ్మాయికి ఏ రంగు ఇష్టమో అదే వేయమన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న ఆకుపచ్చ అన్నాడు. "మా పిల్ల మాటలన్నీ బ్యాంకులో వేసుకుంది. వడ్డీ కూడా తీయదు" అని పైనుంచి ఒక జోకు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాకు ఆకుపచ్చ ఇష్టమో కాదో ఆ రోజంతా ఆలోచించాను. తేలలేదు.

మాతో మా అత్త ఉండేది, నాన్నకు అక్క. ఇల్లంతా ఆమె చేతిమీదుగానే నడిచేది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు వచ్చి మనుషులు పొగలా కనిపిస్తున్నా, ఎవరు ఏ గదిలో ఏం చేస్తున్నారో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. "తండ్రీకూతుళ్ళు ఇద్దరూ కలిసి ఒక మనిషి. ఇద్దరి మాటలూ వాడే మాట్లాడతాడు, ఇద్దరి పనీ నువ్వే చేస్తావు" అనేది. ఆ మాటలో సగమే ఆటపట్టించడమని నాకు అనిపించేది.

ఒక సాయంత్రం భోజనం వడ్డిస్తూ నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "టర్పెంటైన్ వాసన ఎక్కువైందేమిటే ఈమధ్య? నింపే పనికి అంత తుడుపెందుకు?"

డబ్బా ఒలికిందన్నాను. మరేమీ అడగలేదు. చెయ్యి మాత్రం వెంటనే వదలలేదు.

మందుల షాపు, గడియారాల షాపు, పుస్తకాల షాపు, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు. ఒక్కో బోర్డుకీ నాన్న అంచులు ఇంకాస్త చెదిరాయి. నడివేసవికి వచ్చేసరికి ఆయన గీసింది గీతలా కాక, గీత ఎటు వెళ్ళాలో చెప్పే గుర్తులా ఉండేది. దాని మీద నేను మళ్ళీ మొదటి నుంచి గీసేదాన్ని. ఆయనకేమో ఉత్సాహం పెరిగింది. ఎవరూ అడగకపోయినా అక్షరాలకు నీడలు వేస్తాననేవాడు, తోకలు తిప్పేవాడు. ఈ ఏడు నా చేతికి కొత్త వయసొచ్చిందని అందరికీ చెప్పుకునేవాడు. చొక్కాలు మానేసి బొత్తాలు లేని బనియన్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడే. ఆయనకు ఏమీ తెలియదని నేను ఇప్పటికీ ఒట్టు పెట్టి చెప్పలేను. మనిషి తనకు తెలియకూడదనుకున్న దాని పక్కనుంచే రోజూ నడిచి వెళ్ళగలడు, దానికి భుజం తగలకుండా. ఆ కాలమంతా నేను చూసింది అదే.

నిచ్చెన మీద ఉన్నవాళ్ళను ఎవరూ పట్టించుకోరు. కింద నిలబడి మనుషులు ఒకరి గురించి ఒకరు చెప్పుకునేవి, ఫోన్లలో ఆడే అబద్ధాలు, ఒంటరిగా ఉన్నామనుకుని తమలో తాము గొణుక్కునే మాటలు, అన్నీ నాకు వినిపించేవి. కొత్త బోర్డు కట్టిన రోజు షాపు ఆయన ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చి, తన పేరు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగేవాడు. ఎంత పెద్ద వ్యాపారమున్నా, ఎంత మొండివాడైనా సరే. తర్వాత నాన్న భుజం తట్టి, పెయింటరు చెయ్యంటే చెయ్యేనయ్యా, అనేవాడు. అది విన్నప్పుడు, పక్కగదిలో ఎవరో నా గురించి మంచిగా మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. తలుపు తీసి లోపలికి వెళ్ళడానికి లేదు. ఆ సంతోషాన్ని పంచుకోవడానికి నాకున్నది నాన్న ఒక్కడే, ఆయనకే చెప్పకూడదు.

ఎండలు ముదిరిన రోజుల్లో అత్త కంటి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. పెద్దాసుపత్రి బస్సులో వెళ్ళాల్సినంత దూరం. రెండు రోజులు నేను తోడుండాలి. అప్పటికే మూలమీది టైర్ల షాపు బోర్డు ఒప్పుకుని ఉన్నాం. వీధిలో అన్నిటికన్నా పెద్దది. యజమాని వాళ్ళమ్మ పేరు మీద పెట్టిన షాపు. నేను వచ్చేదాకా ఆగమని నాన్నకు చెప్పాను.

"నింపడమేగా. నువ్వు పుట్టకముందు ఎవరు నింపేవాళ్ళనుకున్నావు?" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నేను రంగులు కలిపి మూతలు బిగించాను. గుడ్డ చుట్టిన పుల్లను ఆయన సంచిలో పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను. అదేమిటో ఆయనకు తెలియదు.

ఆసుపత్రిలో అత్త ఒక కంటికి పట్టీతో పడుకుని ఉంది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పక్క మంచాల దగ్గర మనుషులు పళ్ళు కోసుకుంటూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అత్త దుప్పటి అంచు సర్దుకుంది. తర్వాత నావైపు తిరక్కుండానే అంది. "వాడి చెయ్యి గురించేగా."

నేను నీళ్ళ గ్లాసు మీద మూత సరిచేశాను.

"కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదుగా. గ్లాసు పళ్ళెంలో పెట్టేటప్పుడు మోగుతోంది. అది మోగినప్పుడల్లా ఒక దగ్గు దగ్గుతాడు, నాకు వినపడకూడదని."

"మరి నువ్వెందుకు చెప్పలేదు అత్తా?"

"నువ్వు చెప్పావా?"

ఒకే ఇంట్లో ముగ్గురం ఒకే సంగతిని ఎవరికి వాళ్ళం ఒంటరిగా మోస్తూ, ఎదురుపడ్డప్పుడు దాన్ని వెనక్కి దాచుకున్నాం. ఆ రాత్రి స్టూలు మీద నిద్ర పట్టనప్పుడు నాకు గుర్తొచ్చింది నాన్న కాదు. నా బతుకులో నేను ఎవరికీ చెప్పని మిగతా మాటలన్నీ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు మూల తిరుగుతుంటే బోర్డు కనిపించింది. నీలం మీద తెల్ల అక్షరాలు. కదులుతున్న నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి. బస్సు కుదుపేమో అనుకోవాలని చూశాను. బస్సు ఆగింది. అక్షరాలు ఆగలేదు. చివరి రెండింటికి అంచులున్నాయి గానీ రంగు లేదు.

అత్తను ఇంటికి చేర్చి పడుకోబెట్టాను. నాన్న పెరటి గుమ్మంలో అటు తిరిగి కూర్చున్నాడు. నేను పలకరించలేదు. నేరుగా టైర్ల షాపుకు వెళ్ళాను. యజమాని పెద్దమనిషి, బరువైన గొంతు. నన్ను చూసి ఆ గొంతు తగ్గించాడు.

"రోడ్డు దాటి వెళ్ళి చూశాడమ్మా మీ నాన్న. వచ్చి కాస్త దిద్దాడు. మళ్ళీ వెళ్ళాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇక ఇటు రాలేదు. అటునుంచి అటే వెళ్ళిపోయాడు. డబ్బాలు నేనే లోపల పెట్టించాను."

సంచి తెచ్చి ఇచ్చాడు. గుడ్డ చుట్టిన పుల్ల పొడిగా, పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఇంటికి వచ్చి సంచి గుమ్మం పక్కన పెట్టాను. నాన్న చెంబులో కిరసనాయిలు పోసుకుని ఇంట్లోని పాత బ్రష్షులు కడుగుతున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"ఎప్పటి నుంచి?" అన్నాడు తల తిప్పకుండా.

"బట్టల షాపు నుంచి."

"అంటే మొదటిదే." బ్రష్షును చెంబులో తిప్పాడు. "అన్నీనా?"

"అన్నీ."

ఒక బ్రష్షు విదిలించి గుడ్డ మీద పెట్టాడు. ఇంకొకటి దాని పక్కన, వెంట్రుకలు తగలకుండా సర్ది పెట్టాడు.

"నేను అవతలివైపు నుంచి నీకు చెయ్యెత్తేవాణ్ణి" అన్నాడు. "నువ్వు పైన నిలబడి చూసేదానివి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. ఆ రోజూ, ఆ తర్వాత చాలా రోజులూ. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు. గ్లాసు మోగితే దగ్గేవాడు కాదు, మోగనిచ్చేవాడు. దారిన పోయేవాళ్ళు పెయింటరుగారూ అని పిలిస్తే కిటికీ దగ్గర నుంచి లేచి లోపలి గదిలోకి వెళ్ళేవాడు. ఆయన కబుర్లు లేక ఇల్లు సామాను తీసేసిన గదిలా బోసిపోయింది. నేను ఇన్నేళ్ళూ హాయిగా దాక్కున్నది ఆయన మాటల వెనకే అని అప్పుడు తెలిసింది. పాలబ్బాయికి, కరెంటు బిల్లు ఆయనకి, గేటు దగ్గరికి వచ్చి బోర్డు ఎప్పుడిస్తారని అడిగేవాళ్ళకి ఇప్పుడు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

"వాడికీ నీ జబ్బు అంటుకుంది" అంది అత్త, పట్టీ తీసిన కంటితో నన్ను ఎగాదిగా చూస్తూ. ఆ కంటికి నేను స్పష్టంగా కనపడటం అదే మొదలు. "ఎంత చిక్కిపోయావే" అని కూడా అంది.

టైర్ల షాపు బోర్డు అలాగే ఉంది. యజమాని ఒక్క మాట అనలేదు. వేరే ఎవరితోనూ రాయించలేదు. మా వీధిలో ఎవరూ ఆ బోర్డు ప్రస్తావన తేలేదు. దాని కిందనుంచి వెళ్ళేటప్పుడు నేల చూస్తూ వెళ్ళేవాళ్ళు. ఆ మర్యాదే నాకు భరించడం కష్టమైంది.

ఒక పొద్దున వెళ్ళి, బోర్డు మళ్ళీ రాస్తామని చెప్పాను. యజమాని నా వెనక నాన్న కోసం చూశాడు. ఎవరు రాస్తారని అడిగాడు.

"నేనే రాస్తాను."

గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. లోపల ట్యూబుకు పంచరు వేస్తున్న మనిషి తలెత్తి చూశాడు. యజమాని కాసేపు ఆలోచించి, నిచ్చెన గట్టిగా కట్టుకోమ్మా, అన్నాడు. అంతే.

అక్షరాల మీద నీలం వేసి రెండు రోజులు ఆరనిచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం సుద్దదారం కొట్టి, సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాను. కష్టమేమీ కాలేదు. నాన్న అక్షరం నా వేళ్ళల్లో ఉంది. ఆ తోకలు, ఆ వాలు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు దగ్గరదగ్గరగా నిలబడటం, అన్నీ వాటంతటవే వచ్చాయి. చివరి అక్షరం దగ్గర ఉండగా కింద అలికిడి అయింది. నాన్న వచ్చి టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

లేచి రోడ్డు దాటాడు. కన్ను మూసి చూశాడు. చెయ్యెత్తలేదు. నెమ్మదిగా తిరిగి వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు.

"అచ్చం నాదే" అన్నాడు. అన్ని రోజుల తర్వాత వచ్చిన గొంతు, తుప్పు పట్టినట్టుంది. "నాది నేను చాలా రాశాను. నీది ఏది?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి కూడా సిగ్గేసింది. తర్వాత తడిగుడ్డ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా తుడిచేశాను.

ఎండకు వీధి ఖాళీ అయింది. షాపుల వాళ్ళు లోపల కునుకు తీస్తున్నారు. నా ముందు నీలం రేకు తప్ప ఏమీ లేదు. దాని మీద గీయడానికి నా దగ్గర కూడా ఏమీ లేనట్టు అనిపించింది. నింపడానికి అంచు ఉంటే బాగుండునని, ఎవరిదైనా సరే ఒక అంచు ఉంటే చాలునని అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు. నాన్న తొందరపెట్టలేదు. మొదటిసారి, నా బదులు ఆయన జవాబు చెప్పలేదు.

మొదటి అక్షరం వేశాను. తోక లేదు. నిటారుగా ఉంది. తుడిచి మళ్ళీ వేస్తే మళ్ళీ అలాగే వచ్చింది. ఇక తుడవలేదు. రెండోది దాని పక్కన పెట్టబోయి, చెయ్యి కాస్త దూరం జరిగాక ఆగింది. అక్కడే వేశాను. పేరు పూర్తయ్యేసరికి నీడ నిచ్చెన మొదటి మెట్టు దాకా వచ్చింది.

"ఎడం ఎక్కువైంది" అన్నాడు నాన్న.

"ఉండనీ."

తలెత్తి నావైపు చూశాడు. అంచులు గీయడం అయ్యాక నేను దిగితే, బ్రష్షు కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వణుకుతోంది. దాన్ని జేబులో పెట్టుకోలేదు, రెండో చేత్తో పట్టుకోలేదు.

"నేను నింపుతాను" అన్నాడు.

ఎక్కాడు. రేకుకు అడ్డంగా ఒక కర్ర పట్టుకుని, మణికట్టును దాని మీద ఆనించి ఒక్కో గీతా నింపాడు. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. కింద నుంచి ఆయన ఎప్పుడూ చూసేది ఇదేనన్నమాట, మడమలు, డబ్బా అడుగు, కారిన రంగు చారలు. చాలాసేపు పట్టింది. షాపుల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చెప్పుల షాపు ఆయన గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరినీ చూసి, జోకు వేయబోయి మానేశాడు.

చివరి అక్షరం కింది వంపు దగ్గర బ్రష్షు జారింది. అంచు దాటి, నీలం మీద గోరంత తెలుపు పొంగింది. నాన్న ఆగిపోయాడు. కిందికి, నా చేతివైపు చూశాడు. గుడ్డ చుట్టిన పుల్ల నా చేతిలోనే ఉంది, టర్పెంటైన్‌తో తడిగా.

దాన్ని డబ్బా మూత మీద పెట్టేశాను. నిచ్చెన అడుగున రెండు టైర్లు అడ్డం పెట్టి, కదలకుండా ఉందని చూసుకుని, రోడ్డు దాటాను. అవతలివైపు అంతకుముందు నేనెప్పుడూ నిలబడలేదు. ఒక కన్ను మూసి చూశాను.

"కనిపిస్తోందా?" అని అడిగాడు అక్కణ్ణుంచి. వీధి వెడల్పైపోయింది కదా, అరిచినట్టే అడగాల్సి వచ్చింది.

"కనిపిస్తోంది" అని నేనూ అంతే గట్టిగా చెప్పి, చెయ్యెత్తాను.